తెగని బేరం

మేకులక్క చేతిలో అయస్కాంతం పట్టుకుని నేల మీద చతికిలబడి ఉంది. సంచి అడుగు చినిగి కింద పడ్డ మేకుల్లో పనికొచ్చేవాటిని ఏరుతోంది. తిన్ననివి ఒక డబ్బాలోకి, వంకరవి ఇంకో డబ్బాలోకి వెళుతున్నాయి. తల విరిగినవి మాత్రం నేల మీదే ఉండిపోతున్నాయి. వంకర మేకును పారేయడం ఆమెకు నచ్చదు. బండ మీద పెట్టి సుత్తితో నాలుగు తగిలిస్తే అది మళ్లీ సరుకవుతుంది. తల విరిగినదానికి ఎంత చాకిరీ చేసినా దండగ. మనుషుల విషయంలోనూ ఆమెది ఇదే లెక్క.

అది ఇరుకు కొట్టు. గోడ పొడుగునా తలుపు బందులు, గడియలు, గొళ్లేలు, కొక్కేలు వేలాడుతుంటాయి. ఇనుము వాసన ఆమె ఒంటికి పట్టేసి ఎంత రుద్దినా వదలదు. అరచేతులు తుప్పు రంగుకు తిరిగాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు నల్లబడి అలాగే ఉండిపోయింది. కళ్లద్దాల కాడ విరిగితే సన్నటి తీగ చుట్టింది. అరవై దాటినా సంచి ఎత్తమంటే ఎత్తుతుంది. కాకపోతే ఎత్తాక మోకాళ్లను కాసేపు తిడుతుంది.

"ఏమే, మేకులు ఏరుతున్నావా, మింగుతున్నావా?" అంటూ నర్సమ్మ గుమ్మం ఎక్కింది.

"మంచివి నీకోసం దాస్తున్నా. నీ నోటికి దిగ్గొట్టడానికి."

"నా నోటికి నీ కొట్లో సరుకు చాలదులే."

ఆసుపత్రి ఉద్యోగం వదిలి చాలా కాలమైనా నర్సమ్మను ఎవరూ ఇంకో పేరుతో పిలవరు. బక్కపలచటి మనిషి. బట్టల మీద ఇస్త్రీ మడత సాయంత్రానికి కూడా చెదరదు. మార్కెట్ ఎత్తు ఎక్కి వచ్చినందుకు ఆమెకు ఊపిరి అందడం లేదు. మేకుల బస్తా మీద కూర్చుని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మళ్లీనా?"

"పాత ఇంజను. ఎత్తు వస్తే మొరాయిస్తుంది. మాత్ర వేసుకున్నాలే."

"ఇవాళ్టికి ఇంట్లో పడుకోకూడదూ?"

"ఇవాళ పడుకుంటే ఇన్నేళ్లు తిరిగిందంతా నష్టంలోకే పోతుంది."

ఇద్దరూ ఊళ్లో స్త్రీల సమాన హక్కుల సంఘానికి పెద్దలు. మేకులక్క అధ్యక్షురాలు, నర్సమ్మ కార్యదర్శి. పదవులు వినడానికి బరువుగా ఉంటాయి గానీ జీతం లేదు, బత్తెం లేదు. సమావేశమంటే కొట్టు వెనక గదిలో బోర్లించిన డబ్బాల మీద కూర్చుని ఎవరి టీ వాళ్లు తాగడమే. లాభం వైపు చూస్తే, మార్కెట్ వెనక ఆడవాళ్లకో మరుగుదొడ్డి వచ్చింది. దాని తలుపు లోపలి గడియ మేకులక్క కొట్టుదే. కుట్టు కార్ఖానాలో ప్రసవమైనవాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి. నష్టం వైపు, నర్సమ్మకు రావలసిన పైఉద్యోగం ఎప్పటికీ రాలేదు. మేకులక్కను చుట్టాలు శుభకార్యాలకు పిలవడం మానేశారు. "వంట చాకిరీ తప్పింది, అది కూడా లాభంలోనే వెయ్యి" అనేది నర్సమ్మ.

ఇవాళ్టి పని గొడుగుల కొట్టు.

గొడుగుల ముసలాయన పోయి నెల కావస్తోంది. ఆయనకు కూతురు ఒక్కతే. చిన్నప్పటి నుంచీ తండ్రి పక్కన కూర్చుని ఊచలు బిగించిన పిల్ల. మార్కెట్ కమిటీ నియమం ప్రకారం యజమాని పోతే కొట్టు ఇంట్లో మగవాడి పేరుకు మారుతుంది. మగవాడు లేకపోతే నెల తిరిగేలోగా కమిటీ తన తాళం వేసి కొట్టు వెనక్కి తీసుకుంటుంది. నెల తిరిగినా తాళం పడకపోతే, లోపల కూర్చున్నవాళ్లదే కొట్టు. ఈ ఆఖరి మాటను ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే సంగతి అంతదాకా ఎప్పుడూ రాలేదు. మొగుడో తండ్రో పోయిన ఆడవాళ్లు తామే తాళంచెవి తెచ్చి ఇచ్చేసేవాళ్లు. కమిటీ పెద్దన్న కూడా తొందరపెట్టే మనిషి కాదు. ఆఖరి రోజు దాకా ఆగి వచ్చేవాడు. అది ఆయన మర్యాద. ఇవాళే ఆ ఆఖరి రోజు. సాయంత్రం మార్కెట్ గంట కొట్టేలోగా తాళం పడాలి.

ఆ మర్యాద సంగతి మేకులక్కకు బాగా తెలుసు. ఆమె భర్త పోయినప్పుడు పెద్దన్న అలాగే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, "తాళంచెవి ఇలా ఇవ్వమ్మా, కాగితాలు సరిచేసి పంపిస్తాం" అన్నాడు. ఆమె ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, తుప్పు తుడిచి మరీ ఇచ్చింది. కాగితాలు మరిది పేరుతో వచ్చాయి. బేరం చేయకుండా సరుకు వదులుకోవడం ఆమె బతుకులో అదొక్కసారే. అప్పటి నుంచీ మరిది కొట్లో కూర్చుని మేకులు అమ్ముతోంది. అతను ఎప్పుడైనా ఇటు వస్తే "బాగానే చూసుకుంటున్నావు వదినా" అని మెచ్చుకుని పోతాడు. ఆ సంగతి విన్న రోజు నర్సమ్మ నోరు తెరిచి, "అడగ్గానే ఇచ్చేశావా? నా సూదికైనా జనం అంత తొందరగా చెయ్యి చాపరే!" అంది. సంఘం పుట్టింది ఆ మాట దగ్గరే.

గొడుగుల పిల్ల తాళంచెవి ఇవ్వనంది. "ఇవ్వకపోతే ఏం, మా తాళం మేం వేసుకుంటాం" అన్నాడు పెద్దన్న. అప్పుడు మేకులక్కకు ఈ ఉపాయం తట్టింది.

మార్కెట్లో కమిటీ కన్నా పాతదైన కట్టుబాటు ఒకటుంది. బేరం సాగుతుండగా షట్టరు దించకూడదు. దించితే ఏడాదంతా మార్కెట్ మొత్తానికి గిరాకీ ఉండదని వర్తకుల నమ్మకం. అందులో పెద్దన్నే అందరికన్నా పట్టింపు మనిషి. పక్క వరసలో నిప్పంటుకున్న రోజున కూడా, పొగలో దగ్గుతూ, ఉన్న గిరాకీకి బట్ట కత్తిరించి ఇచ్చాకే బయటికి పరిగెత్తాడు.

కాస్త పొద్దెక్కాక పెద్దన్న తాళం పట్టుకుని వచ్చేసరికి గొడుగుల కొట్లో బేరం నడుస్తోంది. బస్సు కండక్టరమ్మ ఒక గొడుగును తెరిచి మూస్తూ, "ఈ పిడి ఎడమచేతివాటం వాళ్లకు ఎలా కుదురుతుంది?" అని అడుగుతోంది.

"కానివ్వమ్మా, కానివ్వు" అని పెద్దన్న ఎదురుగా ఉన్న తన బట్టల కొట్టు అరుగు మీద కూర్చున్నాడు.

కండక్టరమ్మ గొడుగు తీసుకుని లేవకముందే బడి ఆయా లోపల నిలబడి ఉంది. ఆమెకు గొడుగు బరువు మీద అనుమానం. ఆమె తేల్చుకోకముందే చాకిరేవు అత్త వచ్చింది. రంగు వెలుస్తుందేమోనని గుడ్డను తడిపి చూస్తానంది, తడిపింది, ఆరేదాకా కూర్చుంది. తర్వాత వచ్చినావిడ తన మొగుడి పొడుగు చేత్తో కొలిచి చూపించి, అంత మనిషికి సరిపోయేది కావాలంది. మొగుడి పొడుగు ఆమెకే సరిగా గుర్తులేదు. మళ్లీ మళ్లీ కొలిచింది. గొడుగుల పిల్ల ఎవరికీ విసుక్కోలేదు. తండ్రి పోయినప్పటి నుంచీ బిగుసుకుపోయి ఉన్న ముఖం మొదటిసారి వదులైంది.

ఎండ నడినెత్తికి వచ్చాక పెద్దన్నకు విషయం అర్థమైంది. నేరుగా మేకులక్క కొట్టుకు వచ్చాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒక్కసారే గొడుగులు కావలసొచ్చాయా?"

"ఎండకే కదన్నయ్యా గొడుగు. వానొస్తే ఎటూ మీ అరుగు మీద నిలబడతాం."

"హాస్యాలకేంలే. నియమం నేను పెట్టింది కాదు."

"కట్టుబాటు నేను పెట్టిందీ కాదు."

ఆయన వేలాడుతున్న గొళ్లెం ఒకటి వేలితో కదిపాడు. "నీ మరిదికి కబురు పంపమంటావా?" అన్నాడు, చాలా మెత్తగా.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మేకులక్క చేతిలోని మేకును డబ్బాలో వేసింది. "పంపండి. వస్తే ఆయనకూ ఓ గొడుగు చూపిస్తాం."

మరిది రాలేదు. సాయంత్రంలోగా ఈ గోల మానకపోతే కొట్టు తాళంచెవి తెచ్చి ఇంట్లో ఇచ్చేయమని మనిషితో చెప్పించాడు. మేకులక్క తూకం వేసుకుంది. పోతే ఏం పోతుంది? కాగితం మీద కొట్టు ఎటూ తనది కాదు. పోయేది కూర్చునే చోటు, నిద్ర లేవగానే వెళ్లడానికో గమ్యం. తక్కువేం కాదు. అయినా అటు పక్కన గొడుగుల పిల్ల ఉంది.

"రేపు వచ్చి అడగమను" అంది కబురు తెచ్చినవాడితో. "ఈసారి తుప్పు తుడవనని కూడా చెప్పు."

బస్తా మీద కునుకు తీస్తున్న నర్సమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది.

పొద్దు వాలేసరికి జనం పలచబడ్డారు. పనులకు పోయేవాళ్లు పోయారు. బడి నుంచి పిల్లల్ని తెచ్చుకునేవాళ్లు లేచారు. పెద్దన్న అరుగు దిగి గొడుగుల కొట్టు గుమ్మం దగ్గరికి జరిగాడు. నర్సమ్మ లేచి బట్టల మడత సవరించుకుంది. ఆఖరి వంతు ఆమెదని ముందే అనుకున్నారు. కాదనడంలో ఆమెను మించినవాళ్లు సంఘంలో లేరు. మేకులక్క తన కొట్టు షట్టరు దించి, తాళంచెవి నడుముకు దోపుకుని, ఆమెను చెయ్యి పట్టుకుని అటు తీసుకెళ్లింది.

నర్సమ్మ కుర్చీలో కూర్చుంది. "అమ్మాయ్, ఇద్దరు పట్టే గొడుగు ఉందా? నా పక్కనున్న ఈ మహాతల్లి జన్మలో గొడుగు కొనదు. నా గొడుగు కింద సగం తడుస్తూ నడుస్తుంది."

"సగం తడిసేది నువ్వే. నీ భుజం ఎప్పుడూ బయటే ఉంటుంది" అంది మేకులక్క.

గొడుగుల పిల్ల అటక మీంచి పెద్ద ఆకుపచ్చ గొడుగు దించి విప్పింది. కొట్టు సగం నిండిపోయింది. నర్సమ్మ ఒక్కో ఊచనూ వేలితో మీటి చూసింది.

"గట్టివేనా?"

"మా నాన్న పనిలా ఉంటుంది పిన్నీ."

"ఉంటుందంటే? ఎవరు బిగించారు?"

"నేనే."

"మరి మీ నాన్న పేరెందుకు? సొంత పనిని ఇంకొకరి లెక్కలో వెయ్యకే. సరే, నీ ధరకు సగానికిస్తావా?"

"కుదరదు పిన్నీ."

"ఆలోచించుకో. నేనూ ఆలోచిస్తా."

నర్సమ్మ గొడుగు పిడి పట్టుకుని వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. గుమ్మంలో పెద్దన్నకు కూడా నవ్వొచ్చింది. "ఆవిడ ఆలోచించేసరికి వానాకాలం వస్తుంది" అన్నాడు.

గొడుగు కొద్దిగా పక్కకు ఒరిగింది. మేకులక్క ఊరికే సాయం పట్టినట్టు నర్సమ్మ చేతి మీద తన చెయ్యి వేసింది. చెయ్యి వెచ్చగానే ఉంది. కానీ పిడిని పట్టుకుని లేదు. "ఏమే" అని మెల్లగా కుదిపింది. నర్సమ్మ తల ఆమె పొట్టకు ఆనుకుంది. రెండు వేళ్లు దవడ కింద పెట్టింది. నాడి అలా చూడాలని సంఘం గదిలో అందరికీ నర్సమ్మే నేర్పింది. తొందరపడొద్దు, వేళ్లకు వినిపించేదాకా ఆగాలి అనేది. మేకులక్క ఆగింది. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి ఆగింది. మళ్లీ దవడ కింద పెట్టి ఆగింది. వేళ్లకు ఏమీ వినిపించలేదు.

కేక వేస్తే నర్సమ్మ లేచేదైతే కొట్టూ వద్దు, ఏమీ వద్దు, మార్కెట్ దద్దరిల్లేలా అరిచేది. లేవదు. అరిస్తే అందరూ ఆమెను ఎత్తుకుని బయటికి పోతారు. కొట్టు ఖాళీ అవుతుంది. షట్టరు దిగుతుంది. పోయిన మనిషీ దక్కదు, ఆ మనిషి దేనికోసం ఎత్తు ఎక్కి వచ్చిందో అదీ దక్కదు. ఇంత నష్టం బేరం ఆమెకు చేతకాదు.

"సగమంటే అన్యాయం కదే" అంది మేకులక్క. "పిల్ల కష్టం చూడు. అమ్మాయ్, మా కార్యదర్శి మొండిది, ఇక నోరు విప్పదు. నాతో మాట్లాడు. మేమిద్దరం కలిసే కొంటున్నాం."

గొడుగుల పిల్ల నర్సమ్మ ముఖం చూసింది. దవడ కింద ఉన్న వేళ్లు చూసింది. "అక్కా... పిన్నికి..."

"పిన్నికి ధర ఎక్కువైంది. తగ్గించు."

పిల్ల బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "తగ్గదక్కా" అంది. "ఊచలు చూడండి. గుడ్డ... గుడ్డ చూడండి. కుట్టు రెండు వరసలు వేశాను."

"రెండు వరసలెందుకు?"

"గాలికి... గాలికి చిరగకుండా."

పెద్దన్న ఒక అడుగు లోపలికి వేశాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "చెల్లెమ్మా, ఆవిడ..."

"ఆవిడ?"

"ఆవిడ ఇంకా బేరంలోనే ఉన్నారా?"

మేకులక్క నర్సమ్మ తలను తన ఒంటికి ఇంకాస్త హత్తుకుంది. "ఉందన్నయ్యా. ఇన్నేళ్ల నుంచీ ఉంది. మధ్యలో లేచిపోయే మనిషి కాదు. కాదంటారా, రండి. వచ్చి మీరే లేపండి."

చుట్టుపక్కల కొట్లవాళ్లు అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. పెద్దన్న చేతిలో తాళం తెరిచే ఉంది. ఆయన షట్టరు వైపు చూశాడు, కుర్చీలోని మనిషి వైపు చూశాడు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"పిడి మాత్రం నాకు నచ్చలేదు" అంది మేకులక్క.

"మార్చిస్తానక్కా. కొయ్యది వేస్తాను."

"ఏ కొయ్య?"

పిల్ల కొయ్యల పేర్లు చెప్పింది. చెప్పినవే మళ్లీ చెప్పింది. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా చెప్పింది. మేకులక్క ప్రతిదానికీ ఒక వంక పెట్టింది. అలా ఎంతసేపో ఇద్దరికీ తెలియదు. మార్కెట్ గంట మోగింది.

గంట ఆగాక పెద్దన్న తాళం జేబులో వేసుకుని, తల వంచి వెళ్లిపోయాడు.

అప్పుడు మేకులక్క కింద కూర్చుని, నర్సమ్మ ఒడిలో తల పెట్టి ఏడ్చింది. వీధికంతా వినపడేలా, సిగ్గు లేకుండా ఏడ్చింది. ఆసుపత్రి నుంచి నర్సులు వచ్చారు. ఒకప్పుడు నర్సమ్మ చేతి కింద పని నేర్చుకున్న పిల్లలు. జాగ్రత్తగా స్ట్రెచర్ మీదికి ఎత్తి, బట్టల మడత సరిచేసి తీసుకెళ్లారు. వాళ్ల వెనక నడవబోతూ మేకులక్క గుమ్మంలో ఆగింది.

"అక్కా" అంది గొడుగుల పిల్ల. "బేరం తెగలేదుగా. షట్టరు దించొచ్చా?"

"దించు. మిగతాది రేపు మాట్లాడదాం. రేపు కూడా కొట్టు ఉంటుందిగా."

పిల్ల తన కొట్టు షట్టరును తానే కిందికి లాగింది. లోపల చీకటి పడుతుంటే, ఖాళీ కుర్చీ పక్కన, ఇద్దరు పట్టే ఆకుపచ్చ గొడుగు విప్పినది విప్పినట్టే ఉంది.