లేచిన చెయ్యి ఎవరిది

నేను ఒక ఇనుప మడత కుర్చీని. జగిత్యాలలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టి, కొన్నేళ్లు టెంట్ హౌస్ వారి వ్యానులో పెళ్లిళ్లకు తిరిగాను. కాళ్లు వదులయ్యాక ఒక మహిళా కౌన్సెలింగ్ కేంద్రం వాళ్లు నన్ను చవగ్గా కొన్నారు. అక్కడికి ప్రతి శుక్రవారం భార్యలను కొట్టిన మగవాళ్లు వచ్చేవారు. చిత్రమేమిటంటే, వాళ్ల మాటలు వింటే కొట్టినవాడు ఒక్కడూ కనిపించడు. ఒకరికి కోపం వచ్చిందట, ఇంకొకరికి మందు ఎక్కిందట. దెబ్బలు వాటంతట అవే తగిలాయట.

బోరు మోటార్లు బాగుచేసే సదానందం కూడా నా మీద కూర్చుని అలాగే మొదలుపెట్టాడు.

"కూర మాడగొట్టింది మేడం. చెయ్యి లేసింది."

"ఎవరి చెయ్యి?" అని అడిగింది కౌన్సెలర్ రజియా.

"నాదే. కోపమొస్తే నాకు కండ్లు కనవడయి."

"మీ షాపు సేటు అందరి ముందు తిట్టినప్పుడు కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? మస్తు వచ్చింది."

"మరి అప్పుడు చెయ్యి లేవలేదేం?"

"సేటునెట్ల కొడ్త మేడం?" అనేసి, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయాడు. తర్వాత గొణిగాడు. "ఆమె నా పెండ్లాం. నేను బుద్ధి చెప్పకుంటె ఎవరు చెప్తరు?"

ఆ నమ్మకం అంత తొందరగా వదల్లేదు. చాలా వారాల తర్వాత, ఇల్లు విడిచి వెళ్లిన అతని భార్య స్వరూప, తనంతట తానే ఒప్పుకొని, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేనే కొట్టిన," అన్నాడు సదానందం. "కొట్టాలనే కొట్టిన. నువ్వు భయపడితేనే నా మాట నడుస్తదనుకున్న." వెంటనే, "ఒప్పుకున్న గద, ఇగ ఇంటికి రా," అన్నాడు.

"నిజం జెప్పినవ్. గందుకు సంతోషమే," అంది స్వరూప. "గని నేను రాను."

అతని పిడికిళ్లు బిగుసుకున్నాయి. నేను కిర్రుమన్నాను. రజియా లేవబోయింది. అతను మెల్లగా వేళ్లు విప్పి, నాతో సహా పక్కకు జరిగి, ఆమెకు దారి ఇచ్చాడు. ఆ కాస్త జరగడం అతనికి ఎంత కష్టమైందో నా కాళ్లకు తెలుసు. అతను పూర్తిగా మారాడో లేదో చెప్పలేను. శుక్రవారాలు మాత్రం మానలేదు.

నా వెనక రేకు ఊడాక కేంద్రం వాళ్లు నన్ను పాత సామాన్లవాడికి వేయబోతుంటే, స్వరూప అడిగి తీసుకుపోయి అతుకు పెట్టించింది. రజియాకూ, ఆమెకూ నేను రుణపడి ఉన్నాను. ఇన్నేళ్లు సాకులు మోసిన నాకు ఇంత మంచి బరువు దొరుకుతుందని అనుకోలేదు. ఇప్పుడు ఆమె కుట్టుమిషను ముందు ఉంటున్నాను. మధ్యాహ్నం పూట జాకెట్టుకు హుక్కులు కుడుతూ కుడుతూ, బయట ఎవరి అడుగులు వినబడినా ఉలిక్కిపడకుండా, నాకు ఆనుకుని కునుకు తీస్తుంది.

నేను కదలకుండా ఉంటాను.