ముట్టుకుని వెళ్ళమన్నారు

స్టీలు ప్లాంటు పనులు మొదలైన రోజులవి. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం ఖాయమని ఎవరో చెప్పగా, సత్యం మల్కాపురంలో సాయంత్రం క్లాసులో చేరాడు. రోజుకో నానుడి నేర్చుకొచ్చి బావ అప్పలసూరికి చెప్పేవాడు. సులువైన పనిని దొరలు కేకు ముక్క అంటారన్నాడొకసారి. రేవులో బస్తాలు మోసి వచ్చిన అప్పలసూరి నడుం పట్టుకుని కూలబడ్డాడు.

"మోసినోడికి ముక్కేదిరా బామ్మర్దీ?"

ఆ వానాకాలమే ఓడలోంచి సరుకు దించుతుంటే తాడు తెగి పెట్టె అతని మీద పడింది. ఆసుపత్రికి మోసుకెళ్ళారు. మాట పడిపోకముందు, కదిలి వెళ్ళొద్దని పెళ్ళాం దేముడమ్మతో అన్నాడు. ఆమె వార్డు గుమ్మం దాటి బయటికి రాలేదు.

పెద్ద డాక్టరు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. దేముడమ్మ తన తమ్ముడు సత్యం చేత ఎలా ఉందని అడిగించింది. డాక్టరు ఆమె ముఖం చూసి, నెమ్మదిగా "టచ్ అండ్ గో" అనేసి వెళ్ళిపోయాడు.

ఆ మూడు మాటలూ విడివిడిగా సత్యానికి చిన్నప్పుడు బళ్ళోనే వచ్చినవి.

"ముట్టుకుని ఎల్లమంతన్నారప్పా."

ఇంటికి పంపుతున్నారంటే గండం గడిచినట్టేననుకుంది ఆమె. కొంగుతో చెయ్యి తుడుచుకుని మొగుడి పాదం ముట్టుకుంది. గంజి కాచి తేవడానికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కింది. గంజి దించకముందే కబురొచ్చింది.

కొడుకు పోయే వేళకి పక్కన లేవేమని అత్త గురువమ్మ రోజూ పొడిచేది. "పెద్ద డాక్టరే ముట్టుకుని ఎల్లమన్నాడు. నాకు నాను రానేదు" అనేది దేముడమ్మ. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ ఇంట్లో నిలబడింది.

చలికాలంలో క్లాసు మాస్టారు బోర్డు మీద "టచ్ అండ్ గో" అని రాశారు. మనిషి ఉంటాడో పోతాడో చెప్పలేనప్పుడు అలా అంటారన్నారు. సత్యం లేచి నేరుగా అక్క దగ్గరికి వచ్చాడు. ఆమె బియ్యం చెరుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాడు.

చేట ఆగింది.

"అయితే ఎల్లమన్నేదా?"

"అన్నేదప్పా."

ఆమె నూకల్లోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"అంత పెద్ద మాటని అంత సిన్న మాటల్తో సెప్తారేటి?"

తప్పు తనదని అత్తతో చెప్పేస్తానని అతను లేచాడు. దేముడమ్మ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఊరుకో. నిన్ను ఈ గుమ్మం ఎక్కనివ్వదు. నాకు నువ్వొక్కడివే మిగిలేవు."

మర్నాడు గురువమ్మ మళ్ళీ అదే మాటెత్తింది. దేముడమ్మ ఈసారి డాక్టరు పేరెత్తలేదు. ఎసట్లో బియ్యం పోసి, పొయ్యి ఊదుతూ కూర్చుంది.