పోలయ్య మీద వేసిన మాట

నేను ఒక హార్డ్ డిస్కును. కాకినాడ పక్కన ఓ ఐసు ఫ్యాక్టరీలో, నిఘా కెమెరాలు చూసిందంతా దాచిపెట్టడం నా ఉద్యోగం. దుమ్ము రేణువు కూడా చొరబడని గదిలో తయారై, చివరికి మేనేజరు బల్ల కింద సాలెగూళ్ళ మధ్య పడ్డాను. అందుకు నాకు బాధ లేదు. నా కోపమంతా ఆ మేనేజరు బుల్లిరాజు మీదే.

ఒక మధ్యాహ్నం, నీళ్ళను గడ్డకట్టించే అమ్మోనియా అనే విషవాయువు గొట్టం పగిలింది. మెషిన్ ఆపరేటరు పోలయ్య చనిపోయాడు. పోలయ్య తాగి పడుకుని వాల్వు చూసుకోలేదని బుల్లిరాజు కథ అల్లాడు. ఆనాటి రికార్డింగులన్నీ చెరిపేసి నా కరెంటు తీసేశాడు. ఎస్సై అడిగితే, "డిస్కు ఎప్పుడో పాడైపోయిందండి" అన్నాడు. పోయినవాడు తాగుబోతు, నేను పనికిమాలినదాన్ని. నింద మొయ్యడానికి నోరులేనివాళ్ళం ఇద్దరం దొరికాం.

పోలయ్య భార్య లోవకుమారి ఊరుకోలేదు. "మా ఆయన మందు ముట్టడండి. ఆ డిస్కేదో తెలిసినోళ్ళకి సూపించండి బాబూ" అంటూ స్టేషను చుట్టూ తిరిగింది. ఆమె పోరు పడలేక ఎస్సై నన్ను సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపాడు.

అక్కడ షహనాజ్ అనే అధికారిణి, నాలో కొత్తగా ఏదీ రాయడానికి వీల్లేకుండా కట్టడి చేసి, మొదటినుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు నకలు తీసింది. దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. ఇక పనంతా ఆ నకలు మీదే. బొమ్మలూ బటన్లూ లేని నల్లటి తెర మీద ఆమె ఒక్కో కమాండు టైపు చేస్తోంది. మనుషులు డిలీట్ నొక్కి అంతా బూడిదైందనుకుంటారు. నిజానికి చెరిగేది చిరునామా. దాని మీద ఇంకొకటి రాసేదాకా అసలు సరుకు నాలోనే ఉంటుంది. చెరిపిన ఫైళ్ళ పేర్లు తెర మీద వరసగా దిగాయి. ఆమె ఒక్కొక్కటే బయటికి తీసింది. కొన్ని ముక్కలై తెరుచుకోలేదు. ఒకటి తెరుచుకుంది.

ఆ వీడియోనే కోర్టులో తెర మీద వేసి చూపించారు. నేను సాక్ష్యంగా బల్ల మీదున్నాను. తెర మీద, కారుతున్న గొట్టాన్ని పోలయ్య బుల్లిరాజుకు చూపిస్తున్నాడు. బుల్లిరాజు చెయ్యి విదిలించి వెళ్ళిపోయాడు. కాసేపటికి తెల్లటి పొగ కమ్మింది. పోలయ్య బయటపడి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల ఇంకా ఇద్దరు ఆడవాళ్ళున్నారని తెలిసి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని తిరిగి లోపలికి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ వచ్చారు. అతను రాలేదు.

అది చూస్తూ కోర్టులో బుల్లిరాజు తలవంచుకున్నాడు, సిగ్గుతో కాదు, ఫోను చూసుకోవడానికి. అతనికి జైలుశిక్ష పడింది. పోలయ్య తాగలేదని తీర్పులో రాశారు. తాగని మనిషి తాగలేదని రాయించుకోవడానికి ఇంత పెద్ద కోర్టు కావాల్సి వచ్చింది.

ఆ వీడియో కాపీ తీసుకోవడానికి లోవకుమారికి జడ్జిగారు అనుమతిచ్చారు. ఆమె షహనాజ్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"తలుపు కాడ నిలబడ్డాడు సూడమ్మా, అక్కడిదాకా ఇయ్యి. లోపలికెళ్ళేది నాకొద్దు."

షహనాజ్ అక్కడికి కత్తిరించి ఇచ్చింది. ఆ ఒక్క కోతకు మాత్రం నాకు కోపం రాలేదు.