ముప్పై కిలోల పెట్టె

మన్సూర్ కాటా మీద పడ్డ సంచిని కాలితో ఒకసారి కదిపి, మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఇత్తడి ముక్కల అడుగున తడి ఇసుక తగిలింది. గుప్పెడు తీసి, సంచి తెచ్చినవాడి ముందు నేల మీద పోశాడు. వాడు సంచి దులిపి మిగతా ఇసుక కూడా ఒంపేశాడు. ఇద్దరికీ అలవాటే.

నరసరావుపేట స్టేషను రోడ్డులో హనుమంతరావు పాత ఇనుము కొట్టు అది. అక్కడ ఇరవై ఆరేళ్లుగా తూకం వేసేది మన్సూరే. పొట్టి మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. గోళ్ల సందుల్లో తుప్పు వదలదు. ఇన్నేళ్లలో నేర్చిన విద్య ఒక్కటే: ఎవడు ఏది తెచ్చినా అందులో వాడు చెప్పనిది ఒకటుంటుంది. ముందు దాన్ని తియ్యాలి, తరువాత తూచాలి. అతను మాత్రం తప్పు తూకం చెప్పి ఎరగడు. ఆ పాతకాలపు కాటాకు కడ్డీ మీది అంకెలు తూచేవాడి వైపే ఉంటాయి. అవతల నిలబడ్డవాళ్లు అతని నోటి మాటే నమ్మాలి, నమ్మేవాళ్లు.

ఆ సాయంత్రం అతని భార్య జెబా కువైట్ వెళ్లిపోతోంది. అక్కడ ఒక ఇంట్లో వంటపని. రెండు నెలల సెలవని వచ్చింది. కరోనాతో విమానాలు ఆగిపోయి, పంతొమ్మిది నెలలు ఉండిపోయింది. పెళ్లయి ఇరవై మూడేళ్లు. ఒకే కప్పు కింద ఉన్నది కూడితే ఆరేళ్లు రాదు. అందులో ఈ పంతొమ్మిది నెలలు ఊరక వచ్చిన లాభం. ఇప్పుడు విమానాలు మళ్లీ తిరుగుతున్నాయి. నెలాఖరులోగా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని అక్కడి యజమానురాలు ఫోన్ చేసింది. ఆ ఫోను పెట్టేసి జెబా నవ్విందని మన్సూర్ అనుమానం.

మూడున్నరకు ఆమె పెట్టెతో కొట్టుకే వచ్చింది. హైదరాబాద్ కారు అక్కడికే వస్తుంది. పెట్టె మోసుకొచ్చింది పక్కింటి మెకానిక్ అక్రం. ముప్పై కిలోలు దాటితే విమానంలో ఒప్పుకోరు.

మన్సూర్ మూత ఎత్తాడు. పైనే గుడ్డలో కుట్టిన పొట్లాలు నాలుగున్నాయి. కువైట్ వెళ్లేవాళ్ల చేతికి, అక్కడున్న తమవాళ్లకిమ్మని వాడకట్టు వాళ్లు ఇచ్చేవి.

"ఇది ఎవురిది?"

"నాదే భాయ్. మా తమ్ముడికి. కారప్పొడి," అన్నాడు అక్రం.

"కారప్పొడికి ఇంత గట్టి కుట్టేంది?"

"వదులుగా కుడితే భాభీ బట్టలన్నీ ఎర్రబడతయ్యి."

హనుమంతరావు గల్లాపెట్టె దగ్గర నవ్వాడు. "ఒరేయ్ మన్సూరూ, పెళ్లాం పెట్టెలో గూడా ఇసక ఎతుకుతున్నావా?"

"ఇసకయితే తూకమే పోద్ది రావుగారూ. బిళ్లలయితే మనిషే పోద్ది." ఎవరో ఇచ్చిన పొట్లంలో, కువైట్‌లో నిషేధమైన నొప్పి బిళ్లలు దొరికి, అక్కడి జైల్లో రెండేళ్లున్న మనిషి సంగతి అతను విన్నాడు.

"ఎయిర్‌పోర్టులో అన్నీ కొత్త మిషన్లంట భాయ్," అన్నాడు అక్రం. "కరోనా టెస్టు గూడా అక్కడే చేస్తారంట. పెట్టె తెరవకుండానే లోపలుంది మొత్తం రంగుల్లో కనపడిద్దంట. ఇంక నువ్వు చూసేదేంది?"

"మిషను ఎనక కూర్చునేది మనిషేగా. ఆడు కారాన్ని ఏమనుకుంటాడో."

పొట్లం మీదికి పోతున్న చేతిని జెబా ఆపింది. "ముట్టుకోమాక. నన్ను నమ్మి అప్పజెప్పినయ్యి. అమానతు."

ఆ మాట తరువాత ఎదురాడకూడదని అతనికీ తెలుసు. పెట్టె కాటా మీదికి ఎక్కించి గుండు జరిపాడు. కడ్డీ ఇరవై తొమ్మిదిన్నర దగ్గర సమంగా నిలిచింది. మన్సూర్ లెక్క వేసుకున్నాడు. పొట్లాలన్నీ కలిపి మూడు కిలోలుంటాయి. వద్దంటే అక్రం ముఖం మాడుతుంది, వాడకట్టుతో చెడుతుంది. నెపం బరువు మీద వేస్తే ఎవరికీ నష్టం లేదు.

"ముప్పై రెండున్నర," అన్నాడు.

జెబా కడ్డీ వైపు తొంగి కూడా చూడలేదు. "అంతుందా? సరేలే, తీస్తా."

"పైనున్నయ్యి తీస్తే సరిపోద్ది."

అంతలో అట్టముక్కల బండి వచ్చింది. తడిసిన అట్టలు వేరు చేయించి అతను తిరిగి వచ్చేసరికి పెట్టె కారెక్కింది. జెబా వెనక సీట్లో కూర్చుంది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మళ్లీ తూచాల్సింది," అన్నాడు కిటికీ దగ్గర వంగి.

"నీ తూకం ఎప్పుడు తప్పింది?"

"పొట్లాలు తీశావుగా?"

"అయ్యెట్టా తీస్తానయ్యా? నాదే ఒకటి తీశా." గొంతు తగ్గించింది. "ఆ నాలుగూ ఇచ్చినోళ్ల ముందే విప్పి చూసి, నేనే కుట్టినా. ఇన్ని నెలలు నీతో ఉండి ఆ మాత్రం నేర్చుకోనా?"

తూకం తప్పు చెప్పానని అనడానికి నోరు తెరిచాడు. డ్రైవరు అద్దం ఎత్తాడు. కారు పిడుగురాళ్ల వైపు తిరిగింది. అక్రం చెయ్యి ఊపుతూ ఉండిపోయాడు.

మన్సూర్ లోపలికి వచ్చాడు. కాటా పక్కన పాత చీరలో చుట్టిన మూట ఉంది. విప్పాడు. బొంత. తను పారేశాననుకున్న లుంగీలు, ఆమె నేత చీరలు పొరలు పొరలుగా వేసి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టింది. తను కొట్టులో ఉండే వేళల్లో కుట్టి ఉంటుంది. కువైట్‌లో తాను పడుకునే గదిలో ఏసీ ఆపరని, వాళ్లిచ్చిన దుప్పటికి చలి ఆగదని జెబా ఎప్పుడో ఫోనులో చెప్పింది. అతను అప్పుడు ఊ కొట్టి ఊరుకున్నాడు.

ఒక మూల జానెడు మేర కుట్టు ఇంకా మిగిలే ఉంది. దారం తెంచకుండానే సూది అక్కడ గుచ్చి ఉంది.