ఊరగాయ జాడీలో గాలాలు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో ఒత్తులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటాయి. ఒక్కో పేజీకి నాకు రెండు రోజులు పడుతుంది. ఇంతకు ముందు నేను రాసినవి దిద్దే మనిషి ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆత్మకూరు బస్టాండు పక్క సందులో మాది గాలాల అంగడి. సోమశిల నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళు దారం, బెండు మా దగ్గరే కొంటారు. కానీ అంగడి నిలబడింది వాటి వల్ల కాదు, సముద్రం గాలాల వల్ల. మా ఆయన దయాసాగర్ పన్నెండేళ్ళు జువ్వలదిన్నె రేవులో పడవ మీద పని చేసి వచ్చాడు. ప్యాకెట్టులో కొన్న గాలం మెడకు సీసం కరిగించి పోసి గుండు తల కట్టడం అక్కడే నేర్చుకున్నాడు. దాన్ని జిగ్ హెడ్ అంటారు. ఆ తల వెనక రబ్బరు చేప తొడిగి విసిరితే బరువుకు అడుగుకు పోతుంది, లాగితే ఎగురుతుంది. పెద్ద చేప అది నిజం చేపే అనుకుని మింగుతుంది.

సీసం పోసే అచ్చు అల్యూమినియంది. రెండు పలకలు, పుస్తకం మాదిరి మూసుకుంటాయి. లోపల ఒక్కో బరువుకు ఒక్కో గుంట. కొలతలు మా ఆయనవి. కోసి, తొలిచి, ఆకురాయితో అరగదీసింది ఆయన తమ్ముడు మాల్యాద్రి. అతనికి ఉదయగిరిలో వెల్డింగ్ షాపు ఉంది. మా ఆయన పోయాక చర్చివాళ్ళ ఆదరణ కూడిక జరిగిన రోజు, భోజనం ఆకుల ముందు కూర్చునే మాల్యాద్రి అడిగాడు.

"వదినా, ఆ అచ్చు నేను చేసింది. నాకిచ్చెయ్."

"చేసి మీ అన్న చేతిలో పెట్టినావు. పెట్టింది మళ్ళీ అడుగుతారా?"

"అన్న చేతిలో పెట్టినాను. నీ చేతిలో కాదు."

అచ్చు లేకపోతే నాకు అంగడి లేదు. మూడేళ్ళు అతను అడుగుతూనే ఉన్నాడు, నేను ఇవ్వకుండానే ఉన్నాను. అతని కూతురు రూబీ మాత్రం నా ఇంట్లోనే ఉండేది. ఆత్మకూరులో ప్రైవేటు స్కూల్లో టీచరు. తండ్రికీ నాకూ పడకపోయినా నా కంచంలోనే తినేది, నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

పోయిన ఏడాది ఏప్రిల్ మొదట్లో అనంతసాగరం పెంచలప్రసాద్ వచ్చాడు. షోకుగా గాలం వేటకు వచ్చే నెల్లూరు, మద్రాసు మనుషుల్ని జువ్వలదిన్నె పడవల్లో తిప్పుతాడు. అతను కొంటేనే నా అంగడి. వచ్చీ రాగానే కవరు విప్పి జిగ్ హెడ్లు బల్ల మీద కుమ్మరించాడు. సీసం బాగానే ఉంది. వెనక గాలాలే ఎర్రగా పొలుసులు లేచి ఉన్నాయి.

"ఏమ్మా, ఇవి గాలాలా, గోడలో పీకిన మేకులా?"

ఒక గాలం తీసి గోటితో గీకాను.

"చెయ్యి బారు పండుగప్ప చేప. పడవ అంచు దాకా వచ్చినాది. గాలం ఠప్‌మని ఇరిగింది. వేటకొచ్చిన నెల్లూరు డాక్టరు నా మొహం మీదకు గాలం రాడ్ ఇసిరినాడు. నీ మొహం మీదకు నేనేం ఇసరాల?"

రూబీకి బియ్యం మూట తెచ్చిన మాల్యాద్రి అప్పుడే లోపల నుంచి వచ్చాడు. ఒక గాలం వంచి చూశాడు. చేతిలోనే విరిగింది. అంత సంతోషం అతని మొహంలో పెళ్ళినాడు కూడా చూడలేదు.

"అన్న ఉన్నన్నాళ్ళు ఒక్కటన్నా తుప్పు పట్టినాదా ప్రసాదన్నా? ప్యాకెట్టు మీద ఏం రాసుండాదో తెలియని మనిషి సముద్రానికి గాలాలు అమ్మతా ఉండాది."

"నీకు తెలుసా ఏం రాసుండాదో?" అన్నాను.

"చదివేదేంది? రంగు చూస్తే తెలవదా? నీలం ప్యాకెట్టు సముద్రానికి, పచ్చ ప్యాకెట్టు చెరువుకు. అన్న చెప్పిందే గదా."

"నేనూ నీలమే తెచ్చినాను."

"అబద్ధం. పచ్చవి కలిపినావు."

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఉదయగిరిలో మా పెద్దత్త లిదియమ్మ ఇంటి వసారాలో కూర్చున్నాం. మా ఆయనకు పెద్దమ్మ ఆమె. ఇంట్లో తగువు ఏదైనా ఆమె దగ్గరే తేలాలి. పెంచలప్రసాద్ కూడా వచ్చాడు. ఆమె ఇద్దరి మాటలూ విని, వక్కాకు నములుతూనే తీర్పు చెప్పింది.

"సముద్రంలో వేట నిషేధం రెండు నెలలంట గదా. అచ్చు ఒక నెల వాడి దగ్గర, ఒక నెల దీని దగ్గర. ఇద్దరూ పోసి ప్రసాదుకియ్యండి. ఎవురి గాలం నిలబడతాదో అచ్చు వాళ్ళది. తర్వాత నా గడప తొక్కినోళ్ళ కాళ్ళు ఇరగ్గొడతా."

నేను పెంచలప్రసాద్ వైపు తిరిగాను. "ఏ నీళ్ళకయ్యా?"

"మొగలో. ఏరు సముద్రంలో కలిసే చోట. పన్నెండడుగుల లోతు."

"అడుగున ఇసకా, రాయా?"

"ఆలిచిప్పల రాయి."

"పోటు మీదా, ఆటు మీదా?"

"నీళ్ళు తీసేటప్పుడు. గట్టిగా లాగతాది."

మాల్యాద్రి నవ్వాడు. "పెళ్ళిచూపులు మాదిరి అడగతా ఉండాదే. గట్టిగా లాగే నీళ్ళకు బరువు గాలం. నలభై గ్రాములది పోస్తా. ఇంకేముండాది?"

నలభై గ్రాములది అడుగుకు పోతుంది, నిజమే. కానీ పన్నెండడుగుల్లో పోయి ఆలిచిప్పల్లో ఇరుక్కుంటుంది. ఇరవై గ్రాములదైతే అడుగును తాకీ తాకకుండా దొర్లుతూ పోతుంది. మా ఆయన చెప్పిన మాట ఇది. మాల్యాద్రి అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. అతను అడగలేదు.

బరువు సంగతి తెలుసు. నీలం గాలం ఎందుకు తుప్పు పట్టిందో మాత్రం తెలియలేదు. ఇంటికి రాగానే మా ఆయన కాలం నాటి ప్యాకెట్టు ఒకటీ, కొత్తది ఒకటీ రూబీ ముందు పెట్టాను. రెండూ నీలమే. పిల్ల రెండూ చదివింది.

"రంగులు మార్చినారు పెద్దమ్మా. ఇప్పుడు నీలం మంచినీళ్ళకు. సముద్రానిది పచ్చ."

"మెరుపు ఒకటే ఉండాదే?"

"సముద్రందానికి కళాయి అని రాసుండాది. దీనికి ఉత్త మెరుపు పూత."

తప్పు నాదే. మాల్యాద్రి నలుగురిలో అన్న మాట నిజమే. అది నన్ను ఎక్కువ మండించింది.

"మే పిల్లా, నాకు చదవడం నేర్పు."

"నేను చదివిపెడతా గదా."

"ఇయ్యాల చదువుతావు. రేపు మీ నాయన వద్దంటే?"

రోజూ సాయంత్రం గంటసేపు నేర్పింది. తెలుగు నేర్చుకుందామని కూర్చుంటే ప్యాకెట్టు మీద ఉన్నది ఇంగ్లీషు. రెండూ పట్టుకున్నాను. నెల తిరిగేసరికి ప్యాకెట్టు మీద సముద్రం ఏదో, చెరువు ఏదో కూడబలుక్కుని చదవగలిగాను. ప్యాకెట్టును కూడా నమ్మలేదు. ఆ ఎండల్లో ఉప్పులో ఊరేసిన మామిడికాయ ముక్కల జాడీ నుంచి ఊట గిన్నెలోకి వంచి, ప్రతి ప్యాకెట్టులోంచీ ఒక గాలం అందులో వారం నానేసేదాన్ని. నీలం ప్యాకెట్టుది రెండో రోజుకే ఎర్రబారింది. పచ్చ ప్యాకెట్టుది వారం తర్వాత కూడా తెల్లగా ఉంది.

మే నెల మధ్యలో అచ్చు తెచ్చుకోవడానికి ఉదయగిరి పోయాను. మాల్యాద్రి బల్ల మీద నలభై గ్రాముల జిగ్ హెడ్లు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఎర్ర రంగు, నల్ల కన్ను, చూడ ముచ్చటగా పోశాడు. పక్కనే ఖాళీ ప్యాకెట్లు. అన్నీ నీలం. వంగి చదివాను. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి మాట అది. చెరువు గాలం.

నోటి దాకా వచ్చింది. అప్పుడే మాల్యాద్రి అచ్చు తెచ్చి నా కాళ్ళ దగ్గర ధన్‌మని పడేశాడు.

"తీసుకో. నెల తర్వాత మళ్ళా నా దగ్గరికే వస్తాది. అఆలు దిద్దతా ఉన్నావంట గదా వదినా? పలక ఏదీ? చంకలో పెట్టుకోని రాలేదా?"

షాపులో పని చేసేవాళ్ళు నవ్వారు. అచ్చు తీసి సంచిలో వేసుకున్నాను.

"గాలాలు బాగుండాయి" అన్నాను. "శానా బాగుండాయి మాల్యాద్రీ."

బస్సెక్కేశాను.

నిషేధం ముగిసిన పది రోజులకు లిదియమ్మత్త వసారాలోనే పెంచలప్రసాద్ రెండు డబ్బాలు తెరిచాడు. నావి ఇరవై గ్రాములవి. సీసం మీద రాళ్ళ గీతలు పడ్డాయి, గాలాలు తెల్లగానే ఉన్నాయి. మాల్యాద్రివి సగం అడుగునే ఇరుక్కుని తెగిపోయాయట. మిగిలినవి తుప్పు.

"ఇది నా గాలం కాదు! మార్చినారు!" మాల్యాద్రి లేచి నిలబడ్డాడు. "నేను నీలం ప్యాకెట్టే పోసినాను. నీలమే!"

"నీలం చెరువుదంట నాయనా" అంది వెనక నుంచి రూబీ, మెల్లగా. "రంగులు మార్చి ఏడాది దాటింది."

"నీకు తెలిసి నాకు చెప్పలేదా?"

"నువ్వు ఏ ప్యాకెట్టు కొన్నావో నాకెట్టా తెలుస్తాది? నన్ను ఎప్పుడన్నా చదవమని అడిగినావా?"

లిదియమ్మత్త అచ్చు నా ఒళ్ళో పెట్టింది. మాల్యాద్రి కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగడం చూశాను. నాకేమీ జాలి వెయ్యలేదు. ఇప్పుడు కూడా వెయ్యడం లేదు, అబద్ధం రాయలేను.

తిరుగు బస్సు మర్రిపాడు దాటింది. పక్క సీట్లో ఉన్న రూబీ అడిగింది.

"పెద్దమ్మా, మే నెలలో అచ్చు తెచ్చుకోను పోయినప్పుడు నాయన బల్ల మీద ప్యాకెట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"చదివినావా?"

"చదివినాను."

"చెప్పలేదే."

"చెప్పుంటే అచ్చు పోయేది. నీకు తెలవదా మీ నాయన?"

"తెలుసు. నేను నీకు చదువు చెప్పింది దీనికని తెలవదు."

మర్నాడు స్కూలు నుంచి నేరుగా తోటి టీచరు గదికి పోయింది. పెట్టె తీసుకోవడానికి వచ్చిన రోజు నేను అంగడిలో సీసం కరిగిస్తున్నాను. మంట మీద సీసం వదిలి లేవకూడదు. లేవలేదు. బల్ల మీద నా కాపీ పుస్తకం తెరిచి ఉంది. ఒకసారి దాని వైపు చూసింది. దిద్దకుండానే పోయింది.

అంగడి నడుస్తోంది. పెంచలప్రసాద్ నెలకు రెండుసార్లు వస్తాడు. ప్రతి ప్యాకెట్టూ నేనే చదువుతాను, ప్రతి దాంట్లోంచీ ఒక గాలం జాడీ ఊటలో వేస్తాను. ఈ కాగితాల్లో తప్పులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

రాహేలమ్మ, వయసు అరవై మూడు. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో, గాలాల అంగడి వెనక గదిలో ఉంటున్నాను.