విరాత్మో గారి గొడుగు

జావా దీవిలోని సోలో పట్నంలో ఎవరి నీడైనా వాళ్ళు మొదట చేసిన పనే చేస్తూ ఉంటుంది. ఇప్పుడు మోటారు బండి మీద మనుషుల్ని దింపే సుగెంగ్ నీడ ఇంకా రిక్షానే తొక్కుతుంది. దాన్నెవరూ పట్టించుకోరు, ఒక్క పాక్ విరాత్మో, అంటే విరాత్మో అయ్యగారు తప్ప.

కొత్త బట్టల గోదాములో కాగితం మీద ముద్ర వేసి మనుషుల్ని పనిలోకి తీసుకునేది ఆయనే. గేటు పక్కన రేకుల పందిరి కింద బల్ల వేయించుకుని, వరసలో ఉన్నవాళ్ళని ఎండకి వదిలేసి, "కాలంతో పాటు మారాలి" అని ఉపన్యాసం దంచుతాడు. కాలమేదో ఆయన జేబులో ఉన్నట్టు. ఆయన మాత్రం ఎండలోకి అడుగు పెట్టగా ఎవరూ చూడలేదు.

ఆ పూట వరసలో రెండోవాడు సుగెంగ్, అందరికంటే ముందున్నది వార్సియెం. పెళ్ళికి ముందు నుంచీ బాతిక్ బట్టల మీద వేడి మైనంతో పువ్వులు గీసిన మనిషి. అచ్చుయంత్రాలు వచ్చి ఆ పని మింగేశాయి. ఇక్కడ పెట్టెలు కట్టే పనైనా దొరక్కపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. సంతకం పెట్టమంటే కలం అందుకుని, మైనం గీసే గొట్టం పూడుకోకుండా ఊదినట్టే దాని మొనలోకి ఉఫ్‌మని ఊదింది. వెనక ఎండలో ఆమె నీడా ఊదింది.

"చూశావా? నీ నీడ ఇంకా మైనం పొయ్యి దగ్గరే కూర్చుంది. పాత పనుల నీడలు మాకొద్దు," అన్నాడు విరాత్మో.

"పెట్టెలు కట్టేది నేను సార్, నీడ కాదుగా."

"రూలు రూలేనమ్మా."

ఆ రూలు పెట్టింది ఆయనే, యజమానురాలి చేత శభాష్ అనిపించుకోడానికి.

అంతలో ఆ యజమానురాలు బు లిలియానా, అంటే లిలియానా అమ్మగారి కారు వచ్చి ఆగింది. విరాత్మో ఒళ్ళు మరిచి ఎండలోకి పరిగెత్తాడు. ఆయన నీడ ఇంకా ముందు పరిగెత్తింది. నడుం వంచి, ఆవిడ నీడ మీద గొడుగు పట్టింది. ఆయన చేతులు చూస్తే ఖాళీ. ఆవిడ నీడ ఏ పనీ చేయకుండా నిలబడింది. పుట్టాక ఎప్పుడైనా చేసి ఉంటే కదా.

"మీదీ పాత పనేనా పాక్? మరి మీ రూలో?" అంది ఆవిడ. "సరే, నా గొడుగువాడు మానేశాడు. గొడుగు కారులో ఉంది, తీసుకోండి."

"చిత్తం, బు," అన్నాడు విరాత్మో. ఇంతసేపూ మనుషుల్ని పురుగుల్లా చూసిన ఆ మనిషి నడుం ఎంత తేలిగ్గా వంగిందో చూసి వరసలో వాళ్ళకి అసహ్యం వేసింది.

"మరి మా కాగితాలు?" అని అడిగింది వార్సియెం.

"ఎవరో ఒకరు ముద్ర వేసుకోండి. నాకు ఎండ తగులుతోంది," అంటూ ఆవిడ గొడుగు కింద లోపలికి వెళ్ళిపోయింది.

వార్సియెం బల్ల మీది ముద్ర అందుకుంది. దాన్ని ఉఫ్‌మని ఊది తన కాగితం మీద వేసుకుంది. తర్వాత వరసకేసి తిరిగి, "రా సుగెంగ్, నీది ఇటివ్వు," అంది.