టీచరు లేని గ్రూపు

మా ఏడో తరగతి లెక్కల వాట్సాప్ గ్రూపుకి ఒకటే నియమం. సందేహం ఎవరైనా అడగొచ్చు, జవాబు మాత్రం పిల్లలే చెప్పాలి. నేను నోరు మూసుకుని చూస్తూ ఉండాలి. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా ఆయన్నడగండి.

పిల్లి గొంతు నేను విన్నది ఆ గ్రూపులోనే. క్లాసులో పిలిచినా పలకని పిల్లకి తోటివాళ్లు పెట్టిన పేరది. ఫోన్లో మాత్రం వాయిస్ మెసేజీలు పెట్టి గలగలా మాట్లాడేది. "కాగితం తీసుకోండిరా. నిలువునా మూడు మడతలెయ్యండి. ఇప్పుడు అడ్డంగా సగానికి. విప్పి చూడండి, ఎన్ని గళ్లొచ్చాయి?" అంటూ భిన్నాలు చెప్పేది. తప్పు చెబితే మిగతా పిల్లలు "ఒసేయ్, మళ్లీ లెక్కపెట్టు" అనేవాళ్లు. నవ్వేసి దిద్దుకునేది. నాకు ప్రాణం లేచొచ్చేది.

ఈ సంగతి హెడ్మాస్టరుగారి చెవిన పడింది. "బ్రహ్మాండంగా ఉందమ్మా! తల్లిదండ్రుల్ని కూడా చేర్చండి. నేనూ ఉంటాను" అన్నారు. సరేనన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మర్నాటి నుంచి గ్రూపు నిండా శుభోదయాలు, గులాబీ బొమ్మలు. వాటి మధ్య పిల్లి ఒక గడి తప్పు లెక్కపెట్టింది. పిల్లలు దిద్దేలోపే వాళ్ల నాన్న రాశాడు: "మా అమ్మాయి తెలిసీ తెలియక చెప్పింది. అందరూ క్షమించాలి. ఇకమీదట మాట్లాడదు." ఆ పిల్ల మళ్లీ నోరెత్తలేదు. మిగతావాళ్లూ గప్‌చిప్.

ఆయనకి ఫోన్ చేసి నచ్చజెప్పబోయాను. "అందరి ముందూ పరువు పోయింది టీచరుగారూ" అన్నాడు. గ్రూపు మూసేస్తానంటే హెడ్మాస్టరుగారు ససేమిరా అన్నారు. "మనదే ఆదర్శమని పైవాళ్లకి చూపించానమ్మా. మీరే కాదంటే ఎలా?" పైగా పిల్లలతో వేరే గ్రూపేమైనా పెట్టానేమోనని రోజూ నా ఫోన్ తీసుకుని తిరగేయడం మొదలుపెట్టారు. కక్కలేక మింగలేక చచ్చాను.

ఒకరోజు క్లాసులో, రెండు భిన్నాల్లో ఏది పెద్దదో చెప్పమన్నాను. అందరూ కాగితాన్ని పట్టీలుగా చింపి, మడిచి, పక్కపక్కన పెట్టి చూశారు. మడతలు పిల్లివే గానీ, ఈ పట్టీల పద్ధతి నేను నేర్పింది కాదు, మా గ్రూపులో వచ్చిందీ కాదు. విషయం అర్థమైంది. పెద్దవాళ్లెవరూ లేని గ్రూపు ఇంకోటి పెట్టుకున్నారు. పిల్లి అక్కడ మాట్లాడుతోంది. పట్టరాని సంతోషమేసింది, ఆ వెంటనే కుళ్లు కూడా పుట్టింది.

బెల్లు కొట్టాక పిల్లి నా బల్ల దగ్గరికొచ్చింది. క్లాసురూములో ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"టీచర్, మా దాంట్లో మిమ్మల్ని కూడా చేర్చుకుంటాం. అందరం అనుకున్నాం."

గుమ్మంలో హెడ్మాస్టరుగారు నిలబడ్డారు. "అమ్మా, మీ ఫోనొకసారి" అంటూ చెయ్యి చాపారు. పిల్లి మాట విన్నారో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

"దేంట్లో చేర్చుకుంటావే? పనీపాటా లేదా? పో బయటికి!" అని కసిరాను.

పిల్లి నా వంక ఒకసారి చూసి, టక్కున నోరు మూసుకుని వెళ్లిపోయింది. నా అవస్థ దానికి అర్థమైందో లేదో ఈనాటికీ తెలియదు.

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. అప్పుడే ఒక గులాబీ వచ్చిపడింది.